ఏటూరునాగారం దారిలో ఒక నల్లరాయి

ములుగు దాటి అడవిలోకి వెళ్ళేవాళ్ళు నీళ్ళ సీసా, గొడుగు, దోమల మందు పెట్టుకోవాలని అందరూ చెబుతారు. నేను ఇంకొకటి చెబుతాను. అక్కడ ఏ రాయి మీదనైనా చెయ్యి వేసే ముందు, దాని మనిషి ఎవరో అడగండి. ఈ మాట మాకు ముందే చెప్పారు. అయినా మేము అడగలేదు.

హన్మకొండ: ఒక ఒప్పందం

ఇళ్ళు కట్టేవాళ్ళకు ఎస్టిమేట్లు వేయడం నా పని. పదో తరగతితో బడి ఆగిపోయింది. మేస్త్రీల వెంట తిరిగి, గోడ చూస్తే ఇటుకలెన్నో, కంకర కుప్ప చూస్తే ట్రాక్టర్లెన్నో చెప్పడం సొంతంగా నేర్చుకున్నాను. మా పెద్దల ఊరు స్టేషన్ ఘన్‌పూర్. ముస్లింలమైనా మా ఇంట్లో తెలుగే.

మా అమ్మాయి రేష్మ బీఎస్సీలో ఒక సబ్జెక్టుగా జియాలజీ తీసుకుంది. ఇక మిగతా సబ్జెక్టుల ఊసే ఎత్తలేదు. ఎమ్మెస్సీ జియాలజీకి సీటు కూడా వచ్చింది. సోమవారం లోపు వెళ్ళి చేరకపోతే పోతుంది. నా భార్య సలీమా ఒప్పుకోలేదు.

"టీచరు సదువొక సదువు, బ్యాంకు సదువొక సదువు. గీ గుట్టల పొంటి తిరిగే సదువేంది? ఆడిపిల్ల అడవిల సుత్తె పట్టుకొని ఒక్కతే నిలవడితె, ఎవలన్న లొల్లికొస్తె ఎవలున్నరు?"

నా భయమూ అదే.

మా వీధి చివర వనజ మేడం ఉంటారు. ఉద్యోగమంతా రాళ్ళ మధ్యే చేసి రిటైరైన జియాలజిస్టు. ఏటా వానలు తగ్గుముఖం పట్టాక ఒక పెట్టె నిండా రాళ్ళు తీసుకుని ఏజెన్సీ హాస్టళ్ళలో ఆడపిల్లలకు చూపించడానికి వెళ్తారు. ఈసారి రేష్మను రమ్మన్నారు. అప్పుడు మా ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. నేను వెంట వెళ్ళాలి. దారిలో ఏ గొడవా జరగకపోతే ఎమ్మెస్సీ. ఏ చిన్న గొడవ జరిగినా సీటు వదిలేసి బీఎడ్.

"ఒప్పుకున్న అబ్బా," అంది రేష్మ నాతో. "మల్ల మాట మీద నిలవడాలె. నువ్వు గూడ."

చౌరస్తా దుకాణంలో అది మందపాటి బూట్లు చూసి పెట్టుకుంది. "సీటు తేలకముందే బూట్లేంది?" అని సలీమా కొననివ్వలేదు. పాత గుడ్డ బూట్లతోనే బస్సెక్కింది.

ములుగు: పేర్లు లేని రాళ్ళు

ములుగు బస్టాండులో టీ వరంగల్ కంటే రెండు రూపాయలు తక్కువ. గ్లాసు కూడా అంతకు తగ్గట్టే చిన్నది. మిర్చి బజ్జీ మాత్రం మన దగ్గరికన్నా పొడుగు. లోపల వాము దట్టించి, పైన ఉల్లిగడ్డ చల్లి, అడగకుండానే నిమ్మకాయ పిండారు. నాకు కడుపులో అంతా సర్దుకున్నట్టే అనిపించింది. ఈ ప్రయాణంలో అలా అనిపించింది అక్కడొక్కచోటే.

హాస్టల్లో మేడం ఒక దుప్పటి పరిచి పెట్టెలోని రాళ్ళన్నీ దాని మీద గుమ్మరించారు. "పేర్లు నన్ను అడగొద్దు. చేతిల పట్టుకొని బరువు చూడుండ్రి, ఇనుప మొలతోటి గీకుండ్రి, నాలిక పెట్టి చూడుండ్రి. పేర్లు మీరే పెట్టుండ్రి."

"ఇందాక గిది సుజాత నాకింది మేడం. ఎంగిలి రాయి నాకెందుకు?" అంది ఒక పిల్ల. గదంతా నవ్వింది.

వెనక వరుసలోంచి ఇంకొక పిల్ల లేచింది. "అడవిల గుడారమేసుకొని ఒక్కలే పండుకుంటె భయం కాలేదా మేడం?"

నేను అడగాలనుకుని అడగలేకపోయిన ప్రశ్న అది. రేష్మ నా వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికే మెడ బిగించుకుని కూర్చుంది.

"ఎందుకు కాలేదు? మొదటి క్యాంపుల రాత్రంత గుడారం బయట ఏదో గుర్రు గుర్రుమన్నది. ఎలుగుబంటి అనుకొని కండ్లు మూయలేదు. తెల్లారి చూస్తె మా వంటాయన గురక." నవ్వులు ఆగేదాకా ఉండి మేడం మళ్ళీ అన్నారు. "ఎలుగుబంటి ఎదురైతె ఏం చెయ్యాలో చెప్పెటోళ్ళు ఉన్నరు. 'ఆడామెకు అడవెందుకు, ఆఫీసుల కూసోని మ్యాపులు గీయమను' అనే ఆఫీసరు ఎదురైతె ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు."

"ఏం చేసిండ్రు మల్ల?"

"గీసిన. గీసిన ప్రతి కాడ 'ఇది నేను కండ్లతోటి చూడలేదు' అని రాసి పంపిన. మ్యాపు నిండ అదే రాత. విసిగిపోయి ఆయనే పొమ్మన్నడు."

ఆ పిల్ల కూర్చోలేదు. చేతిలోని రాయిని ఇంకోసారి నాకి చూసింది.

తాడ్వాయి దాటాక

ములుగు నుంచి జీపు మాట్లాడుకున్నాం. డ్రైవరు సారయ్య మాట కన్నా హారన్ ఎక్కువ వాడే మనిషి. రోడ్డుకు రెండు పక్కలా టేకు చెట్లు దగ్గర దగ్గరగా, మధ్యాహ్నమే సాయంత్రంలా ఉంది. దారి పొడుగునా బొంగు చికెన్ కాలుస్తున్నారు. వెదురు బొంగులో కోడిమాంసం కూరి నిప్పుల మీద తిప్పుతుంటే ఆ వాసనకు జీపు దానంతటదే ఆగినట్టనిపించింది. కోడిని ఎవరు కోశారో, ఏమని కోశారో అడగడానికి మొహమాటపడి నేనూ రేష్మా ఉడికిన గుడ్లు తిన్నాం. "బొంగుల గుడ్లు గూడ పెట్టుండ్రి, మా సాయిబుగారికి," అని సారయ్య దుకాణమామెను ఆటపట్టించాడు.

మేడం కట్టె పిడి ఉన్న తన పాత సుత్తెను సంచిలోంచి తీసి రేష్మ చేతిలో పెట్టారు. "పిడి ఎన్నిసార్లు మార్చిన్నో. ఇనుము మాత్రం మొదటిదే."

ఆమె బొగ్గు పొరల పని చేసిన రోజుల్లో ఆడవాళ్ళు భూగర్భ గనిలోకి దిగడానికి చట్టమే ఒప్పుకునేది కాదట. లోపలి నుంచి డ్రిల్లు తీసుకొచ్చిన పొడుగాటి రాతి కడ్డీలను పైన చెట్టు కింద పరుచుకుని, తాను ఎన్నడూ చూడని పొరల బొమ్మలు గీసేవారు. ఆ బొమ్మలు పట్టుకుని మగవాళ్ళు దిగేవాళ్ళు.

"ఒక్కటే చెప్త రేష్మా. సుత్తె ఎత్తే ముందు మనిషిని అడగాలె. రాయి ఎవరిదీ కాదని పుస్తకంల ఉంటది. ఊర్ల ఉండదు."

"సరే మేడం," అంది మా అమ్మాయి. నేనూ విన్నాను.

గూడెం: ఇప్పచెట్టు కింద

ఏటూరునాగారం ఇంకొంత దూరం ఉందనగా మట్టిదారి పట్టుకుని ఒక కోయగూడెం చేరాం. ఆ రాత్రి అక్కడే ఉండాలి. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయను. వాళ్ళ పాత బోరులో ఎర్రటి నీళ్ళు వస్తున్నాయి. కొత్తదానికి చోటు చూపించమని మేడాన్ని పిలిచారు. అక్కడ ఊరిపెద్దను పటేల్ అంటారు. ఆయనతో కలిసి మేడం పైచేల వైపు నడిచారు. మమ్మల్ని నీడన కూర్చోమన్నారు.

ఊరి చివర ఇప్పచెట్టు కింద కొన్ని రాళ్ళు నిలబెట్టి ఉన్నాయి. అవి ఏమిటో తెలియకపోయినా, నిలబెట్టారంటే ఏదో ఉంటుందని ఇద్దరం దూరంగానే ఉన్నాం. వాటికి పది అడుగుల అవతల, గడ్డిలో ఒక రాయి మూల మాత్రం బయటికి కనిపిస్తోంది. చుట్టూ నేలంతా లేత ఎరుపు ఇసుకరాయి. అదొక్కటే నలుపు.

"అబ్బా, గిది ఈడ ఉండద్దు," అంది రేష్మ. దాని గొంతులో ఆరాటం నాకు తెలుసు. కొలత తప్పిన గోడ చూస్తే నాకూ అలాగే ఉంటుంది. రాయి లోపలి రంగు పైన పట్టిన మట్టిలో కనబడదు, కొట్టి కొత్త ముఖం చూడాలి. ఆ చదువులో మొదట నేర్పే పని అదేనట. అలవాటైన రేష్మ చెయ్యి అడగడం మరిచింది.

ఠంగుమన్న చప్పుడు గూడెమంతా వినబడింది. అరచేయంత తునక ఎగిరిపడింది.

మిరప చేలోంచి ఒక పెద్దామె లేచి నిలబడింది. పరుగెత్తలేదు. నడిచొచ్చి, గడ్డి పక్కకు జరిపి, ఆ రాయి పక్కనే నేల మీద కూర్చుంది. అప్పుడు కనబడింది, గడ్డిలోకి ఒరిగిపోయింది కాని అదీ నిలబెట్టిన రాయే. దాని మొదలు దగ్గర ఎండిన పసుపు ఉంది.

"మా అమ్మ," అంది ఆమె.

ఆమె పేరు నాగమ్మ. చనిపోయినవాళ్ళ పేరున రాయి నిలపడం వాళ్ళ ఆచారం. స్టేషన్ ఘన్‌పూర్‌లో మా నాన్న సమాధి తలాపున కూడా పేరు చెక్కని రాయి ఒకటి ఉంది. ఎవరైనా వచ్చి దాని మూల పగలగొడితే నేను ఇలా కూర్చుని ఊరుకునేవాణ్ణి కాదు.

చుట్టూ మనుషులు చేరారు. ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండనిపించింది. ఒకతను మాత్రం రేష్మ చేతిలోంచి సుత్తె తీసుకున్నాడు. నా చెయ్యి జేబులోకి పోయింది.

"ఏదన్న ఖర్చయితె నేను..."

"పైసలిస్తె మా అమ్మకు తునిగింది అతుకుతదా సాయిబూ?" అంది నాగమ్మ, తల ఎత్తకుండానే.

పటేలూ మేడమూ వచ్చారు. మేడం దూరంగానే చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. "పిల్లను తీసుకొచ్చింది నేను. తప్పు నాది."

"కొట్టింది మీరు కాదు గదమ్మా," అన్నాడు పటేల్. వాళ్ళలో వాళ్ళు కోయభాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత ఆయన తెలుగులో చెప్పాడు. గాయపడ్డ రాయికి తోడురాయి పెట్టాలి. అదే జాతి రాయి కావాలి. పగలగొట్టినవాళ్ళే చేతుల మీద మోసుకురావాలి. పొద్దు గూకేలోపు తేవాలి. లేకపోతే చుట్టాలందరినీ పిలిచి చావుతంతు మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. అది వాళ్ళ గూడెం వాడుక. అన్ని ఊళ్ళలో ఇలాగే ఉంటుందని నేను చెప్పను.

"ఆ రాయి ఏడిదో చెప్పుండ్రి," అన్నాను.

"మా నాయిన మోసుకొచ్చిండు. వాగు దాటి పోయిండు. నేను చిన్నపిల్లను. ఏడికెల్లి తెచ్చిండో ఎవలకు చెప్పలే," అంది నాగమ్మ.

మేడం వాగు వైపు అడుగు వేశారు. పటేల్ చెయ్యి అడ్డం పెట్టాడు. "పిల్ల ఇంటోళ్ళు పోవచ్చు. వేరేటోళ్ళు వద్దు."

దాని ఇంటివాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే.

వాగుకు ఎదురుగా

ఎగువన ఆకాశం నల్లబడుతోంది. నా మనసులో ఒప్పందం అప్పటికే తేలిపోయింది. గొడవ జరిగింది, బీఎడ్. ముందు ఈ ఊరి నుంచి బయటపడితే చాలు. ఆ సంగతి పైకి అనలేదు, అయినా రేష్మకు తెలుసు.

రేవు దగ్గర వాగు దాటాం, మోకాలి కింది దాకే నీళ్ళు. రేష్మ ఆ తునకను పిడికిట్లో పట్టుకుని ఒడ్డున గులకరాళ్ళలోకి వంగింది. "నల్లరాయి ఎగువ ఏడనో ఉంటె, పగిలి దాని ముక్కలు వాగుల పడుతయి. నీళ్ళు కిందికి తెస్తయి. మనం ఎదురు నడువాలె అబ్బా."

"ఎట్ల తెలుస్తది ఎక్కువున్నయో తక్కువున్నయో?"

"చూసుకుంట పోవుడే."

కంటితో చూసి కంకర కొనేవాళ్ళు ఎలా మోసపోతారో నాకు తెలుసు. జేబులోంచి దస్తీగుడ్డ తీసి గులకరాళ్ళ మీద పరిచాను. దాని కిందకు వచ్చిన రాళ్ళు మాత్రమే ఏరమన్నాను. ప్రతిచోటా అదే దస్తీ, అంతే మేర. రేవు దగ్గర ఇరవైకి ఒకటి నలుపు. వాగు రెండు పాయలైన చోట ఎడమ పాయలో ఒక్కటీ లేదు, కుడి పాయలో పదికి ఒకటి. కుడి వైపు నడిచాం. పైకి పోయే కొద్దీ ఐదుకు ఒకటి అయ్యాయి, రాళ్ళు పెద్దవయ్యాయి, అంచులు పదునెక్కాయి. రేష్మ ఎడమకాలి బూటు అడుగు ఊడి పెదవిలా వేలాడసాగింది. దుపట్టా చివర చింపి కట్టుకుంది.

ఎగువన ఉరిమింది. నీళ్ళలో ఎర్రటి చార ఒకటి కనబడింది. పైన వాన పడుతోందన్నమాట.

మరో మలుపు దాటి దస్తీ పరిచాను. ఒక్క నల్లరాయీ లేదు. ఇంకాస్త పైన పరిచాను. లేదు.

"ఇంక పైకి పోదాం. పెరిగేటివి పెరుగుతనే ఉంటయి," అన్నాను. ధరలు చూసి చూసి నాకు పట్టిన లెక్క అది. అక్కడ కూడా లేదు. వాగు చప్పుడు మారింది. "చాలు బిడ్డా. నీళ్ళొస్తానయి. పటేల్ కాళ్ళు పట్టుకుందాం. నడువు."

అది కదల్లేదు. "అబ్బా, లేనిది గూడ లెక్కనే. కిందున్నయి, ఈడ లేవు. అంటె మనం దాటొచ్చినం. ఆడికి ఈడికి నడుమనే ఉన్నది."

ఇన్నేళ్ళ లెక్కల్లో నేను సున్నాను ఖాళీగానే చూశాను. అది దిక్కు చూపిస్తుందని ఆ క్షణం దాకా తెలియదు. వెనక్కి నడిచాం. మలుపు ఒడ్డున ముళ్ళకంపల వెనక, మోకాలెత్తు గట్టు ఒకటి వాగుకు అడ్డంగా పోయి అడవిలో కలిసిపోతోంది. గట్టంతా గుండ్రటి నల్లరాళ్ళు.

సుత్తె లేదు. రెండు రాళ్ళను ఒకదానికొకటి కొట్టి పగలగొట్టింది. మెడలోని చిన్న భూతద్దంతో కొత్త ముఖాన్నీ, తునకనూ మార్చి మార్చి చూసింది. నాకూ చూపించింది. రెండింట్లోనూ నలుపు మీద బియ్యపు నూకలాంటి తెల్లటి గీతలు. డోలరైట్ అంటారట. ఎప్పుడో నేల పగిలితే లోపలి నుంచి ఎగదన్ని, పగుల్లోనే గట్టిపడిన రాయి.

ఒక పక్క పగిలి విడిగా పడి ఉన్న రాయి ఒకటి ఎంచి రెండు చేతులా ఎత్తుకుంది. సిమెంటు బస్తాలో సగం బరువుంటుంది. ఇవ్వమని చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను.

రేవు దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు ఎర్రగా, తొడల దాకా ఉన్నాయి. పొద్దు చెట్ల మీదికి వంగింది. నేను దిగువ పక్కన, దానికి ఆనుకుని నడిచాను. నడి వాగులో కట్టిన బూటు జారింది. అది ఒక్కసారిగా ఒరిగింది, నా చేతులు రాయి మీదికి పోయాయి.

"రాయిని ముట్టకు అబ్బా!"

మోచేయి పట్టుకున్నాను. నడుముకు నా భుజం ఆనించాను. నీళ్ళు ఇద్దర్నీ కలిపి నెడుతున్నాయి. ఎంతసేపు అలా నిలబడ్డామో నాకు తెలియదు. తర్వాత అది ఒక కాలు ముందుకు వేసింది.

తోడురాయి

ఒడ్డున ఊరంతా ఉంది. మేడం నీళ్ళ అంచున నిలబడి ఉన్నారు, చెప్పులు లేకుండానే.

నాగమ్మ రాయిని చూడలేదు, ముందు తునకను అడిగి తీసుకుంది. దాన్ని కొత్తరాయి పగిలిన ముఖం పక్కన పెట్టి వేలితో రెండింటినీ తడిమింది. తర్వాత పాతరాయిని నిటారుగా లేపించి, దాని పక్కన రేష్మ చేతనే కొత్తరాయిని పాతించింది. పసుపు రాసింది. అడవి అంచున వెలుగు ఇంకా ఉంది.

ఆమె ఇంట్లో జొన్నరవ్వ వండిన గటక, పచ్చిపులుసు పెట్టారు. మా అమ్మ ఘన్‌పూర్‌లో చేసే గటక కంటే చిక్కన. నాగమ్మ రేష్మను అడిగింది.

"మా నాయిన రాయి తెచ్చిన జాగ నువ్వు చూసినవా బిడ్డా?"

"చూసిన."

"నాకు చూపిస్తవా?"

మరునాడు వాగు తగ్గాక వెళ్ళాం. నాగమ్మ, ఆమె మనవరాలు, ఇంకొందరు ఆడపిల్లలు. రేష్మ ముందు నడిచింది. ప్రతి మలుపులో ఆగి గులకరాళ్ళు ఏరించింది, ముందురోజు హాస్టల్లో మేడం చేసినట్టే పేర్లు చెప్పకుండా. గట్టు దగ్గర నాగమ్మ ఒక రాయి మీద కూర్చుని, "ఇంత దూరం మోసిండా," అంది. గూడెం ఉన్న వైపు తిరిగి మళ్ళీ అదే మాట అంది. మనవరాలు రేష్మను అడిగింది, "అక్కా, రాళ్ళ సదువుకు ఏడ చేరాలె?"

సుత్తెను ఆ పిల్లే మోసుకొచ్చి మేడం చేతికిచ్చింది. మేడం దాన్ని సంచిలో పెట్టుకోలేదు. నా వైపు చూశారు. నేను సారయ్య పక్కన ఎక్కి కూర్చున్నాను. సుత్తె మేడానికీ రేష్మకీ మధ్య జీపు సీటు మీదే ఉండిపోయింది.

తిరుగు దారి

తాడ్వాయి దగ్గర ఫోనుకు సిగ్నల్ వచ్చింది, వెంటనే మోగింది. సలీమా. రేష్మ కిటికీ వైపు తిరిగింది.

"ఏమయ్యా, మంచిగున్నరా? ఏమన్న లొల్లి అయిందా?"

మాట మీద నిలబడాలన్నది ఒప్పందం. "అయింది," అన్నాను. రేష్మ భుజాలు బిగుసుకోవడం కనబడింది. "మన బిడ్డనే చేసింది. తెల్వక ఒకలమ్మ రాయి పలగ్గొట్టింది. మల్ల మన బిడ్డనే సాఫ్ చేసింది. ఎవలన్న లొల్లికొస్తె ఎవలున్నరు అన్నవ్ గద. నేను పక్కకే ఉన్న, నాకు తొవ్వ దొరకలే. దానికి దొరికింది." ఊపిరి తీసుకున్నాను. "ఒప్పందం ప్రకారం అయితె బీఎడ్. నేను ఆ ఒప్పందం తప్పుతున్న. సోమవారం పోయి చేర్పించుకొస్త."

సారయ్య హారన్ కొట్టడం మానేశాడు.

"కాళ్ళకు ఏమన్న తాకిందా దానికి?" అంది సలీమా.

"కాళ్ళకేం కాలే. బూట్లు పోయినయి."

"హన్మకొండల దిగి చౌరస్తాకు పో. ఆరో నంబరు దాని కాలు. మందం సాక్సులు ఏసుకుంటది గద, ఏడు తీస్కో. దుకాణపాయన పక్కకు పెట్టి ఉంచిండు. నేను నిన్ననే పోయి చెప్పొచ్చిన."